చిల్లగింజ పేరు చెబితే నీళ్ళు తేరుకోవు

ప్రతి సెప్టెంబర్ 15న మన కాలేజీలో ఏం జరుగుతుందో మీకు తెలిసిందే. తలపాగా పెట్టుకున్న పెద్దాయన ఫొటో ఒకటి సెమినార్ హాల్లో బల్ల మీదికి వస్తుంది. దానికి బంతిపూల దండ వేస్తారు, దీపం వెలిగిస్తారు, నలుగురు నాలుగు మాటలు మాట్లాడతారు. తర్వాత సమోసా, టీ. సాయంత్రానికి ఫొటో మళ్ళీ బీరువాలోకి వెళ్ళిపోతుంది.

మూడేళ్ళు నేను కూడా ఆ సమోసా తిన్నవాణ్ణే. ఆ ఫొటోలో ఉన్న మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి గురించి నాకు తెలిసింది రెండే ముక్కలు. మైసూరు దగ్గర కృష్ణరాజసాగర్ కట్టారు, హైదరాబాద్‌ను వరదల నుంచి కాపాడారు. అంతకు మించి ఎవరైనా అడిగితే నీళ్ళు నమిలేవాణ్ణి. నాలుగో ఏడు ప్రాజెక్టు పుణ్యమా అని ఆయన జీవితం చదవాల్సి వచ్చింది. చదువుతుంటే తెలిసింది, డ్యాములకన్నా చాలా ముందు ఆయన తలకెత్తుకున్న లెక్క ఒకటుందని. మురికి నీళ్ళను తక్కువ ఖర్చుతో ఎలా తేటపరచాలి? మా ప్రాజెక్టు కూడా సరిగ్గా అదే.

ముందు ఆ ప్రాజెక్టు సంగతి చెప్పేస్తాను, లేకపోతే ఈ వ్యాసం ఎందుకు రాశానో అర్థం కాదు.

గ్లాసులో గెలిచాం, ముక్కు దగ్గర ఓడాం

మేం ఉండేది లోయర్ ట్యాంక్ బండ్ వెనక గల్లీలో. హుస్సేన్ సాగర్ నుంచి బయటికి వచ్చే మిగులు నీటి నాలా మా ఇంటికి కాస్త దూరంలోనే పోతుంది. కట్ట కింద మొదలై దోమలగూడ, అశోక్ నగర్, నారాయణగూడ వైపుల గుండా దిగి, అంబర్‌పేట దగ్గర మూసీలో కలుస్తుంది. ఎండాకాలం సాయంత్రం ఆ వంతెన దాటేటప్పుడు అందరం ఊపిరి బిగబట్టే దాటుతాం. చిన్నప్పటి నుంచీ అది మాకు అలవాటు.

ప్రాజెక్టు పేరు మాత్రం ఘనంగా పెట్టుకున్నాం: సహజ కోయాగులెంట్లతో మురుగునీటి శుద్ధి. మామూలు మాటల్లో చెప్పాలంటే, నాలా నీళ్ళలో మునగ గింజల పొడి, చిల్లగింజల పొడి కలిపి అవి తేరుకుంటాయో లేదో చూడటం. ఐడియా మాది కాదు, మా నానమ్మది. వాళ్ళ ఊళ్ళో వానాకాలం చెరువు నీళ్ళు ఎర్రగా వస్తే చిల్లగింజను తడి రాయి మీద అరగదీసి కుండలో కలిపేవాళ్ళట. తెల్లారేసరికి మడ్డి అంతా అడుక్కి దిగి పైన నీళ్ళు తేటగా ఉండేవట. ఇండుపగింజ అన్నా అదే. సంస్కృతంలో కతకం అంటారు. సుశ్రుత సంహితలో నీళ్ళు తేర్చే వస్తువుల్లో దాని పేరు కూడా ఉంది.

ఇది మంత్రమేమీ కాదు. నీళ్ళలో తేలే సన్నటి మట్టి రేణువులకు రుణావేశం ఉంటుంది. అన్నిటికీ ఒకే ఆవేశం కాబట్టి ఒకదాన్నొకటి తోసుకుంటూ తేలుతూనే ఉంటాయి, కిందకు దిగవు. మునగ గింజలో నీళ్ళలో కరిగే ఒక ప్రొటీన్ ఉంది, దానికి ధనావేశం. అది పోయి రేణువులకు అతుక్కుంటే తోపులాట ఆగిపోతుంది. రేణువులు ఒకదానికొకటి పట్టుకుని దూదిపింజల్లా గుంపు కట్టి, బరువెక్కి దిగిపోతాయి. పటిక చేసేదీ ఇదే. కాకపోతే పటిక నీటి పీహెచ్‌ను కిందకు లాగుతుంది, అడుగున మిగిలే మడ్డిలో అల్యూమినియం ఉంటుంది. మునగ మడ్డి అయితే మట్టిలో కలిసిపోతుంది. గింజ నుంచి నూనె తీశాక మిగిలే పిండి కూడా ఈ పనికి వస్తుంది, అంటే పారేసే వస్తువుతోనే పని జరుగుతుందన్నమాట.

ల్యాబ్‌లో జార్ టెస్ట్ పెట్టాం. ఆరు బీకర్లు, ఆరు డోసులు. ఒక నిమిషం వేగంగా తిప్పి, తర్వాత నెమ్మదిగా తిప్పి, అరగంట వదిలేశాం. నాలుగో బీకర్ చూసి అందరం కేక పెట్టాం. నల్లగా ఉన్న నీళ్ళు లేత గడ్డివాము రంగుకు వచ్చేశాయి. ఫొటోలు దిగాం, స్టేటస్‌లు పెట్టాం.

మర్నాడు పొద్దున ల్యాబ్ తలుపు తీస్తే కంపు. బీకర్లలో నీళ్ళు ఇంకా తేటగానే ఉన్నాయి, కానీ వాసన ముందుకన్నా ఎక్కువైంది. సీఓడీ కొలిస్తే తగ్గాల్సింది పోయి పెరిగింది. కారణం సింపులే. ముడి గింజ పొడిలో పనిచేసే ప్రొటీన్ కొంచెమే, మిగతాదంతా నూనె, పిండి పదార్థం. అదంతా నీళ్ళలో కలిసి సూక్ష్మజీవులకు భోజనం అయింది. మట్టిని దించాం, దాని బదులు కుళ్ళేదాన్ని పోశాం. పైగా మురుగులో కరిగి ఉన్న అమ్మోనియా, సబ్బు లాంటివాటి జోలికి గింజ పెద్దగా పోదు. నానమ్మ కుండలో ఉన్నది వాన తెచ్చిన ఎర్రమట్టి. మా బీకర్లో ఉన్నది ఊరి మురుగు. రెండూ ఒకటి కాదు.

ఆ దిగులుతోనే చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి వెళ్ళాను. గ్రూప్స్‌కి చదివేవాళ్ళ మధ్య ఒక మూల కుర్చీ దొరికింది. హైదరాబాద్ డ్రైనేజీ చరిత్ర కోసం వెతుకుతుంటే విశ్వేశ్వరయ్య గారు ఎదురయ్యారు. ఆ తర్వాత వారం రోజులు ప్రాజెక్టు పక్కన పెట్టి ఆయన్నే చదివాను.

ముద్దెనహళ్ళి నుంచి పూణే దాకా

ఇంటిపేరులో ఉన్న మోక్షగుండం ఉమ్మడి ప్రకాశం జిల్లాలో ఒక ఊరు. వాళ్ళ పూర్వీకులు అక్కడి నుంచి మైసూరు రాజ్యానికి వలస వెళ్ళారు. ఇంట్లో మాట తెలుగే. ఆయన పుట్టింది చిక్కబళ్ళాపురం దగ్గరున్న ముద్దెనహళ్ళిలో, సెప్టెంబర్ 15న. ఏడాది మాత్రం కొన్ని పుస్తకాల్లో 1860 అని, కొన్నింట్లో 1861 అని ఉంటుంది. తండ్రి శ్రీనివాసశాస్త్రి సంస్కృత పండితుడు, ఆస్తిపాస్తులు అంతంత మాత్రం. కొడుకు చదువుకుంటుండగానే ఆయన పోయారు.

చిక్కబళ్ళాపురంలో బడి అయ్యాక బెంగళూరు సెంట్రల్ కాలేజీలో చేరారు. చేతిలో డబ్బుల్లేవు. పిల్లలకు ట్యూషన్లు చెప్పి ఆ డబ్బుతో చదువుకున్నారు. 1881లో బీఏ పాసయ్యారు. మైసూరు ప్రభుత్వం స్కాలర్‌షిప్ ఇస్తే పూణే సైన్స్ కాలేజీలో ఇంజనీరింగ్ చదివి, 1883లో బొంబాయి ప్రెసిడెన్సీ మొత్తానికి మొదటి ర్యాంకుతో బయటికి వచ్చారు. మరుసటి ఏడే బొంబాయి ప్రజాపనుల శాఖలో అసిస్టెంట్ ఇంజనీర్ ఉద్యోగం. ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద చదువుతున్న మనలో చాలామందికి ఈ కథ కొత్తగా అనిపించదు.

ఉద్యోగం కొత్తలో ఖాందేశ్‌లో పాంఝరా నది అడుగు నుంచి పైపు సైఫన్ వేసే పని అప్పగించారు. వానలు మొదలై వరద వచ్చింది, చేసిన పని మీద ఇసక మేటలు వేసింది. వానలు తగ్గాక చేస్తానని ఆయన పైవాళ్ళకు రాశారు. పైవాళ్ళకు అది నచ్చలేదు. కుర్ర ఇంజనీరు పని తప్పించుకుంటున్నాడని అనుకున్నారు. ఆయన వాదన పెట్టుకోకుండా మళ్ళీ దిగి పని పూర్తి చేశారు. నది ఎలా ప్రవర్తిస్తుందో కాలేజీలో కన్నా అక్కడే ఎక్కువ నేర్చుకుని ఉంటారని నాకనిపించింది.

సుక్కూర్‌లో బురద

నన్ను కుర్చీకి అతికించేసిన భాగం ఇదే. 1890లలో ఆయన్ను సింధ్ ప్రాంతంలోని సుక్కూర్‌కు పంపారు. ఇప్పుడది పాకిస్తాన్‌లో ఉంది. మండిపోయే ఎండలు. సింధు నది ఊరి పక్కనే పోతోంది, కానీ నీళ్ళు బురద బురదగా ఉంటాయి. వాటిని శుభ్రం చేసి, పక్కనున్న గుట్ట మీదికి పంపు చేసి, అక్కడి నుంచి ఊరికి ఇవ్వాలి. మామూలుగా అయితే ఫిల్టర్ బెడ్లు కట్టాలి. మున్సిపాలిటీ దగ్గర అంత డబ్బు లేదు.

అప్పుడు ఆయన చేసింది చూడండి. బురదను ఒడ్డుకు తెచ్చి వడగట్టకుండా, నదినే వడపోత చేసేశారు. ఒడ్డుకు దగ్గరగా నది గర్భంలోనే ఒక బావి దింపించారు. నది నీళ్ళు అడుగున ఉన్న ఇసక పొరల్లోంచి ఇంకి, బావిలోకి తేటగా ఊరతాయి. నది అడుగున సొరంగంలాంటి దారి వేసి ఆ నీళ్ళను పంపుల దగ్గరికి తెచ్చారు. 1895కల్లా సుక్కూర్‌కు మంచినీళ్ళు వచ్చాయి. వడపోతకు ప్రత్యేకంగా కట్టడం లేదు, మందు లేదు. ఇప్పుడు మన సిలబస్‌లో రివర్ బ్యాంక్ ఫిల్ట్రేషన్ అని వచ్చేది దాదాపు ఇదే.

ఇది చదివి కాసేపు పుస్తకం మూసేశాను. మా నానమ్మ ఊరి చిల్లగింజ, సుక్కూర్ ఇసక ఒకే దారిలో ఆలోచించినట్టు లేవా? చేతికి దగ్గర్లో ఏముందో చూడు, దాని గుణం తెలుసుకో, దానితో పని చేయించు. అయితే ఒక తేడా ఉంది. ఆయన ముందు నీళ్ళలో ఉన్న మురికి ఏ రకమో తేల్చుకున్నారు. అది సన్నటి మట్టి, ఇసక ఆపగలిగిన మురికి. మేం ఆ ప్రశ్న వేసుకోకుండానే గింజ పట్టుకుని పరిగెత్తాం.

నీళ్ళ డాక్టరు

సుక్కూర్ తర్వాత సూరత్, పూణే. 1898లో చైనా, జపాన్ తిరిగి వచ్చారు. పూణే దగ్గర కాలువల కింద నీళ్ళు కొందరికే అందుతున్నాయని, పొలాలను బ్లాకులుగా విడగొట్టి వంతులవారీగా నీళ్ళిచ్చే పద్ధతి తెచ్చారు. ముందు రైతుల్లో అనుమానాలు వచ్చాయి, పత్రికల్లో విమర్శలు వచ్చాయి. 1903లో ఖడక్‌వాస్లా దగ్గర ఫైఫ్ చెరువుకు ఆటోమేటిక్ గేట్లు పెట్టించారు. వరద ఒక మట్టం దాటగానే వాటంతట అవే తెరుచుకుని, మట్టం తగ్గగానే మూసుకునే గేట్లు. కట్ట ఎత్తు పెంచకుండానే చెరువులో ఎక్కువ నీళ్ళు నిలిచాయి. వీటికి ఆయన పేటెంట్ కూడా తీసుకున్నారు.

1904లో బొంబాయి ప్రభుత్వానికి శానిటరీ ఇంజనీర్ అయ్యారు. ప్రెసిడెన్సీలోని ఊళ్ళకు మంచినీళ్ళు ఎలా తేవాలి, మురుగు ఎలా పంపాలి అన్నది ఆయన పని. 1906లో అరేబియా తీరంలోని ఏడెన్‌కు పంపారు. అక్కడ వాన దాదాపు ఉండదు, తాగడానికి సముద్రపు నీళ్ళనే మరిగించి పట్టుకునేవాళ్ళు. ఆయన ఊరికి ఉత్తరాన లాహెజ్ వైపు ఒక వాగు గర్భంలో బావులు తవ్వి నీళ్ళు తేవచ్చని రిపోర్టు ఇచ్చారు. మళ్ళీ అదే చూపు, వాగు అడుగున ఇసక, దాని కింద నీళ్ళు.

1908లో ఆయన బొంబాయి ఉద్యోగం వదిలేశారు. అప్పటికి ఆయన పనితనం ఏంటో అందరికీ తెలుసు. కానీ చీఫ్ ఇంజనీర్ కుర్చీ ఆ రోజుల్లో తెల్లవాళ్ళది. అది తనకు రాదని అర్థమయ్యాక ఇంకా కూర్చోవడంలో అర్థం లేదనుకున్నారు. యూరప్, అమెరికా చూసి రావడానికి బయల్దేరారు. దారిలో ఉండగానే నిజాం ప్రభుత్వం నుంచి పిలుపు వచ్చింది.

మూసీ పిలుపు

1908 సెప్టెంబర్ 28. ఆ తేదీ మన ఊరి చరిత్రలో నల్లగా గుర్తు పెట్టుకోవాల్సింది. శంషాబాద్‌లో 24 గంటల్లో 12.8 అంగుళాల వాన పడింది. మూసీ పొంగి అఫ్జల్‌గంజ్, కోల్సావాడి, దారుల్‌షిఫా వైపులన్నీ ఊడ్చుకుపోయింది. చచ్చిపోయినవాళ్ళు 15 వేల మంది దాకా ఉంటారని అంచనా. ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఇప్పటికీ ఉన్న చింతచెట్టు ఎక్కి 150 మంది బతికారు.

1909 ఏప్రిల్‌లో విశ్వేశ్వరయ్య గారు ఇక్కడ పని మొదలుపెట్టారు. అందరూ ఊళ్ళో కూలిన ఇళ్ళను, కొట్టుకుపోయిన వంతెనలను చూస్తున్నారు. ఆయన ఊరు వదిలి నది ఎగువకు వెళ్ళారు. మూసీకి, దానిలో కలిసే ఈసీకి నీళ్ళు ఎక్కడెక్కడి నుంచి వస్తాయో లెక్క తీశారు. ఆ పరీవాహక ప్రాంతంలో 788 చెరువులు ఉన్నాయని, వాటిలో 221 తెగిపోయాయని తేలింది. పైన ఒక చెరువు కట్ట తెగితే ఆ నీళ్ళు కింద చెరువు మీద పడి దాన్నీ తెంపుతాయి. అలా గొలుసుకట్టుగా తెగి, ఆ నీళ్ళన్నీ కలిసి ఊరి మీద పడ్డాయి. వరద వచ్చింది ఊళ్ళో, వ్యాధి ఉన్నది ఎగువన.

అక్టోబర్‌కల్లా రిపోర్టు ఇచ్చేశారు. ఊరికి ఎగువన మూసీ మీద ఒకటి, ఈసీ మీద ఒకటి, రెండు రిజర్వాయర్లు కట్టాలి. మామూలు రోజుల్లో వాటిని కొంత ఖాళీగా ఉంచి వరద వస్తే పట్టి ఉంచాలి. ఊళ్ళో నది ఒడ్లను ఎత్తు చేసి గట్టి పరచాలి. తర్వాతి ఇంజనీర్లు ఆ పని నెత్తినెత్తుకుని 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తి చేశారు. మనం గండిపేట అనే చెరువు ఆ ఉస్మాన్ సాగరే. వరద కోసం కట్టిన ఆ చెరువులే ఊరికి తాగునీళ్ళు కూడా ఇచ్చాయి. అంతకు ముందు ఊరి తాగునీటి చెరువుల్లో మన హుస్సేన్ సాగర్ కూడా ఒకటి. అవును, ఈ హుస్సేన్ సాగరే.

రిజర్వాయర్ల గురించి అందరూ చెప్తారు. ఆయన అదే రాకలో ఊరి మురుగు గురించి కూడా ప్లాన్ వేసిచ్చారని తక్కువమంది చెప్తారు. అప్పటికి ఇళ్ళ మురుగు, వీధుల మురుగు దొరికిన పల్లం పట్టుకుని మూసీలోకి పోయేది. ఆయన చెప్పింది మురుగును వాన నీళ్ళతో కలవనివ్వకుండా, నదిలో పడనివ్వకుండా పట్టి, పైపుల్లో ఊరికి దిగువకు తీసుకుపోవాలని. ఆ తర్వాత 1922లో కూడా నగర పనుల మీద సలహాకు ఆయన్ను పిలిపించారు. 1930ల మొదటికి హైదరాబాద్‌కు భూమి కింద డ్రైనేజీ వచ్చింది, మురుగు అంబర్‌పేట వైపు పోవడం మొదలైంది. అది సుమారు 5 లక్షల మంది జనం ఉన్న ఊరి కోసం వేసింది. ఈ రోజు అదే అంబర్‌పేటలో రోజుకు 33.9 కోట్ల లీటర్ల మురుగు శుద్ధి చేసే ప్లాంటు ఉంది. అయినా మా ఇంటి దగ్గర నాలా నల్లగానే ఉంది. ఊరు పెరిగినంత వేగంగా పైపులు పెరగలేదు.

మైసూరు, దివాన్‌గిరీ, ఒక పేచీ

హైదరాబాద్ రిపోర్టు ఇచ్చిన వెంటనే, 1909 నవంబర్‌లో మైసూరు చీఫ్ ఇంజనీర్ అయ్యారు. బొంబాయిలో రాని కుర్చీ సొంత రాజ్యంలో వచ్చింది. 1911లో కావేరి మీద కృష్ణరాజసాగర్ పని మొదలైంది. సిమెంటు దొరకడం కష్టమైన కాలం. ఇటుక పొడి, సున్నం కలిపిన సుర్ఖీ గచ్చుతో అంత డ్యామూ కట్టారు. మళ్ళీ చేతికి దగ్గర్లో ఉన్న వస్తువే.

1912లో దివాన్ అయ్యారు. తర్వాత ఆరేళ్ళలో మైసూరు బ్యాంకు, మైసూరు విశ్వవిద్యాలయం, బెంగళూరులో ఇంజనీరింగ్ కాలేజీ, గంధం నూనె ఫ్యాక్టరీ, సబ్బుల ఫ్యాక్టరీ వచ్చాయి. 1915లో సర్ బిరుదు. ఇవన్నీ జీకే పుస్తకాల్లో ఉంటాయి కాబట్టి త్వరగా దాటేస్తున్నాను.

దాటకూడనిది ఒకటుంది. 1918లో మైసూరు మహారాజు వెనకబడిన కులాలకు ప్రభుత్వ ఉద్యోగాల్లో వాటా ఎలా ఇవ్వాలో చూడమని కమిటీ వేశారు. విశ్వేశ్వరయ్య గారికి అది ఇష్టం లేదు. ఉద్యోగాలకు ప్రతిభ ఒక్కటే కొలత అని ఆయన నమ్మకం. ఆ పట్టింపుతోనే దివాన్ పదవి వదిలి బయటికి వచ్చేశారు.

ఇక్కడ నాకు ఆయనతో పేచీ ఉంది. ఇది ఇంజనీరింగ్‌తో సంబంధం లేని సంగతి అని మీరనుకోవచ్చు, నాకలా అనిపించలేదు. భూమి కింద పైపు వేస్తే దానికి మ్యాన్‌హోల్ ఉంటుంది. మ్యాన్‌హోల్ మూసుకుపోతే ఎవరో ఒకరు దిగాలి. మనుషుల్ని అలా దింపకూడదని 2013లో చట్టం వచ్చింది, అయినా దిగుతున్నారు, లోపలి గ్యాసుకు చచ్చిపోతున్నారు. వాళ్ళు ఏ కులాలవాళ్ళో మనందరికీ తెలుసు. ట్యూషన్లు చెప్పుకుని చదివిన కుర్రాడికి స్కాలర్‌షిప్ చెయ్యి అందింది, బొంబాయిలో తెల్లవాళ్ళ గోడ అడ్డొచ్చింది. ఆ రెండూ తన జీవితంలోనే చూసిన మనిషి ఇంకొకరి ముందున్న గోడను ఎందుకు చూడలేదా అని బాధేసింది. మురుగు గురించి అంత ఆలోచించినాయన మురుగులో దిగే మనిషి పిల్లవాడు కూడా ఇంజనీర్ కుర్చీలో కూర్చోవాలంటే ఏం చెయ్యాలో ఆలోచించి ఉంటే ఎంత బావుండేది. ఆయన్ను తక్కువ చేయడానికి కాదు ఈ మాట. ఫొటోకు దండ వేసేటప్పుడు మనం పూర్తి మనిషినే చూడాలి కదా.

దివాన్ పని మానేశాక కూడా ఆయన ఊరికే కూర్చోలేదు. నష్టాల్లో ఉన్న భద్రావతి ఇనుము ఫ్యాక్టరీని 1923 నుంచి నిలబెట్టారు. 1934లో దేశానికి ప్రణాళిక ఎలా ఉండాలో పుస్తకం రాశారు. తొంభై దాటాక కూడా గంగ మీద వంతెన ఎక్కడ కట్టాలో చూడటానికి బీహార్ వెళ్ళారు. 1955లో భారతరత్న వచ్చింది. నూరేళ్ళు దాటి బతికి, 1962 ఏప్రిల్‌లో బెంగళూరులో కన్నుమూశారు. పుట్టిన ముద్దెనహళ్ళిలోనే ఆయన సమాధి ఉంది.

మళ్ళీ నాలా దగ్గరికి

లైబ్రరీ నుంచి బయటికి వచ్చి అశోక్ నగర్ వైపు నడుచుకుంటూ వచ్చి వంతెన మీద ఆగాను. ఈసారి ఊపిరి బిగబట్టలేదు. ఆయనైతే ఇక్కడ నిలబడి ఏం చేసేవారు అనుకున్నాను. బీకర్ తీసేవారు కాదేమో. ఎగువకు నడిచేవారు. ఈ నాలా హుస్సేన్ సాగర్ నుంచి వస్తోంది. సాగర్‌లోకి కూకట్‌పల్లి నాలా, పికెట్ నాలా, బంజారా నాలా, బల్కాపూర్ నాలా పడుతున్నాయి. వాటిలోకి ఇళ్ళ మురుగు, ఫ్యాక్టరీల నీళ్ళు పడుతున్నాయి. ఏ మురికి ఎక్కడ కలుస్తోందో తెలియకుండా చివర నిలబడి గింజ పొడి చల్లడం అంటే, చెరువులు తెగుతుంటే ఊళ్ళో కూలిన ఇళ్ళను లెక్కపెట్టుకోవడం లాంటిదే.

ఎగువ సంగతి మనం మర్చిపోతే ఏమవుతుందో 2020 అక్టోబర్‌లో చూశాం. ఒక్క రాత్రి వానకు సాగర్ నిండి, మన వైపు గల్లీల్లోకి నీళ్ళొచ్చాయి. మా ఇంట్లో కింది అరలో పెట్టిన పుస్తకాలన్నీ పోయాయి. ఆయన చెప్పిచ్చిన రెండు రిజర్వాయర్ల చుట్టూ 10 కిలోమీటర్ల దాకా కాలుష్యం తెచ్చే కట్టడాలు రాకూడదని 1996లో 111 జీవో తెచ్చారు. 2022లో ఆ కట్టుబాట్లు ఎత్తేస్తూ ఇంకో జీవో వచ్చింది. గండిపేట నీళ్ళు ఎన్నాళ్ళు తేటగా ఉంటాయో మన బ్యాచ్ బతికుండగానే తేలిపోతుంది.

ప్రాజెక్టు మానలేదు. మార్చుకున్నాం. మునగ గింజను ముడిగా వేయకుండా, ముందు నూనె తీసి, మిగిలిన పిండిని ఉప్పు నీళ్ళలో నానబెట్టి వడగట్టి, ఆ నీళ్ళను వాడుతున్నాం. అలా చేస్తే పనిచేసే ప్రొటీన్ ఎక్కువ వస్తుంది, కుళ్ళే సరుకు తక్కువ పడుతుంది. ఇక అన్ని నీళ్ళకూ ఇదే మందు అనడం మానేశాం. మట్టి ఎక్కువున్న నీళ్ళకు, వాన నీటి గుంటలకు, భవనాల పనుల దగ్గర వచ్చే తెల్లటి బురద నీళ్ళకు ఇది బావుంటుంది. మురుగుకు వాడాలంటే ఇది మొదటి మెట్టు మాత్రమే, దాని తర్వాత సూక్ష్మజీవులతో చేసే శుద్ధి ఉండాల్సిందే. దిగిన మడ్డిని ఎక్కడ పెడతాం అన్నది రిపోర్టులో ఒక పూర్తి అధ్యాయం చేశాం. తేటనీళ్ళ ఫొటో తీయడం సులువు, అడుగున ఉన్నదాని బాధ్యత తీసుకోవడమే కష్టం.

మనుస్మృతిలో కతకం గురించి ఒక పోలిక ఉంది. ఆ చెట్టు కాయ నీళ్ళను తేరుస్తుంది గానీ, ఊరికే దాని పేరు చెప్పినంత మాత్రాన నీళ్ళు తేరుకోవు అని. ఆ పుస్తకంతో నాకు వంద తగాదాలున్నాయి, ఈ ఒక్క మాట మాత్రం మా ల్యాబ్ ఒప్పుకుంది. గింజను అరగదీయాలి. ఎంత వేయాలో కొలవాలి. ఎంతసేపు తిప్పాలో చూడాలి. మర్నాడు వాసన కూడా చూడాలి.

మన పెద్దాయన పేరు కూడా అంతే. తెలంగాణలో నిజాంసాగర్ కట్టిన అలీ నవాజ్ జంగ్ పేరు మీద జూలై 11న కూడా ఇంజనీర్స్ డే చేసుకుంటున్నాం. రెండు రోజులకు రెండు ఫొటోలు, రెండు దండలు. మంచిదే. కానీ వచ్చే సెప్టెంబర్ 15న సమోసా తిన్నాక ఒక పని చేద్దాం. క్లబ్బువాళ్ళు, సివిల్‌వాళ్ళు, కెమికల్‌వాళ్ళు, ఎవరొస్తే వాళ్ళు. లోయర్ ట్యాంక్ బండ్ దగ్గర మొదలుపెట్టి నాలా వెంట ఎగువకు నడుద్దాం, ఎక్కడెక్కడ ఏ పైపు వచ్చి కలుస్తోందో రాసుకుందాం. మ్యాపు వేద్దాం. చేతికి దగ్గర్లో ఏముంది, మురికి ఏ రకం, అది ఎక్కడి నుంచి వస్తోంది, తీశాక ఎక్కడికి పోతుంది, దాన్ని తీసే మనిషి ఎవరు. ఐదు ప్రశ్నలు. మొదటి మూడూ ఆయన నుంచి నేర్చుకున్నవి. నాలుగోది మా బీకరు నేర్పింది. ఐదోది మనం కలుపుకోవాల్సింది.

నీళ్ళ సీసా, టోపీ తెచ్చుకోండి. మాస్కు కూడా.